ఎడమ తిరుగుడు

పళ్లెంలో కిరసనాయిలు ఎప్పుడో నల్లబడింది. మేస్త్రి అందులోంచి పళ్లచక్రాన్ని పైకి తీసి, పాత బనీను ముక్కతో ఒక్కో పన్నూ తుడిచాడు. తుడుస్తూనే బొటనవేలి గోరుతో అంచులు తడిమాడు. ఒక వైపు అంచు నున్నగా అరిగి ఉంది, రెండో వైపు ఇంకా పదునుగానే ఉంది. అంటే ఈ మోటారు బతికినన్నాళ్లూ కుడి వైపే తిరిగింది. అట్టముక్క మీద పెన్సిలుతో ‘కుడి’ అని రాసి, తీగతో మోటారు మెడకు కట్టి, బల్ల మీద పక్కకు జరిపాడు. తర్వాతిది అందుకున్నాడు.

పొద్దున్నే అతను చేసే మొదటి పని ఇదే. పాత కార్లను విప్పి అమ్మేవాళ్ల దగ్గర నుంచి గోనెసంచుల్లో మోటార్లు వస్తాయి. వాటిని ఏ రకానికా రకం వేరు చెయ్యాలి. తాళం తిప్పగానే ఇంజన్ని ఒక్క ఊపు ఊపి లేపే మోటారును ఆ వీధిలో అందరూ సెల్ఫ్ అంటారు. అందుకే అతను సెల్ఫ్ మేస్త్రి అయ్యాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ పేరు విని, ఎవరి దగ్గరా నేర్చుకోకుండా సొంతంగా పని పట్టుబడ్డ మనిషి కాబోలు అనుకునేవాళ్లు. నిజానికి ఇదే షాపులో, ఇదే బల్ల ముందు, ఇప్పుడు లేని పెద్ద ఓనరు చేత చెవులు చిల్లులు పడేలా తిట్లు తిని నేర్చుకున్నాడు.

మనిషి బక్కపలచన. ఏళ్ల తరబడి బరువంతా ఒకే చంకన మోయటంతో ఎడమ భుజం కాస్త జారింది. ఏ చొక్కా వేసుకున్నా ఆ వైపు వదులుగా వేలాడుతుంది. చేతులు మాత్రం మరెవరివో తెచ్చి అతికించినట్టు పెద్దవి. కణుపులు ఉబ్బి, అరచేతులు మందంగా, బిరుసుగా ఉంటాయి. గోళ్ల చుట్టూ పట్టిన నలుపు ఏ సబ్బుకూ లొంగలేదు. పెళ్లి ఫొటోలో కూడా చేతులు వెనక్కి పెట్టుకునే నిలబడ్డాడు.

గోడ పొడవునా ఇనుప అరలు. పై అరలో ఉన్నవి సన్నగా, పొడుగ్గా ఉంటాయి. వాటి ఇరుసు చివర లావుపాటి స్ప్రింగూ, దాని పక్కన పళ్లచక్రమూ బయటికే కనిపిస్తుంటాయి. కరెంటు తగలగానే ఆ చక్రం ఇరుసు మీది మర వెంట జారి, విసురుగా దూకి ఇంజన్ చక్రాన్ని పట్టుకుంటుంది. షాపులో వాటిని దూకుడు సెల్ఫులంటారు. కింది అరలో ఉన్నవి పొట్టివి. వీపున పిల్లను కట్టుకున్న తల్లుల్లా ఒక్కోటీ నెత్తిన చిన్న డబ్బాను మోస్తూ ఉంటాయి. ఆ డబ్బా ముందు చక్రాన్ని నెమ్మదిగా తోసి, పళ్లలో పళ్లు కుదిరాకే మోటారును తిరగనిస్తుంది. అవి తోపుడు సెల్ఫులు. మూలన ఇంకా పాత కాలపువి కొన్ని ఉన్నాయి, కాలితో బటను తొక్కితే తిరిగేవి. వాటి లోపలి రాగి పట్టీలు వేలంత మందం.

ఇవన్నీ దూరం నుంచి చూసి చెప్పొచ్చు. చూసి చెప్పలేనిది ఒక్కటే, అది తిరిగే దిక్కు. కొన్ని కార్లలో సెల్ఫు ఇంజన్ చక్రానికి ముందు ఉంటుంది, కొన్నింట్లో వెనక. అందుకని ఒకే కొలతతో, అవే బోల్టులతో, అదే రంగుతో కవలపిల్లల్లా రెండేసి ఉంటాయి. ఒకటి కుడి తిరుగుడు, ఒకటి ఎడమ తిరుగుడు. ఒకదాని బదులు ఒకటి బిగిస్తే ఇంజన్ వెనక్కి తిరుగుతుంది. ఎంతసేపు తిప్పినా తిరుగుతుందే తప్ప అంటుకోదు.

ఇవాళ మేస్త్రి మూడో మోటారు దగ్గరే ఆగిపోయాడు. గోరు పన్ను మీదే ఉంది. అరిగిన అంచు ఏదో ఇప్పుడే చూశాడు, ఇప్పుడే మర్చిపోయాడు. మళ్లీ గుడ్డతో తుడిచాడు.

“ఏంటి బావా, పన్ను పోటా? ఒక్క పన్నే పట్టుకుని కూర్చున్నావ్,” అన్నాడు పక్క బల్ల దగ్గరి కాయిల్ బావ. మోటార్ల లోపలి రాగితీగ చుట్టటం అతని పని. ఇద్దరికీ చుట్టరికమేమీ లేదు. ఎప్పుడో ఒకరినొకరు బావా అని పిలుచుకోవటం మొదలుపెట్టారు, అదే నిలిచిపోయింది.

మేస్త్రి నవ్వలేదు. గుడ్డ కింద పెట్టి, “మా ఆవిడ ఇవాళ వాళ్ల చెల్లెలి ఊరు వెళ్తోంది,” అన్నాడు.

“మంచిదేగా. ఎన్నాళ్లకి?”

మేస్త్రి అట్టముక్క కోసం వెతుక్కున్నాడు. అది అతని మోచేతి కిందే ఉంది.

“ఎన్నాళ్లకి బావా?”

“సాయంత్రం బస్సుకి.”

కాయిల్ బావ చేతిలో తీగ ఆగింది. ఆ వీధిలో నోటికి తాళం లేని మనిషిగా పేరుపడ్డవాడు, తల దించుకుని మళ్లీ చుట్టటం మొదలుపెట్టాడు.

సంగతి వారం కిందట బయటపడింది. రాత్రి భోజనాల దగ్గర ఆమె కోపంగా ఏమీ చెప్పలేదు. చుట్టాల సంగతి చెప్పినట్టే చెప్పింది.

“మీ అమ్మ నన్ను తిట్టని రోజు లేదు. కూర మాడిందనీ, నడిస్తే ఇల్లదురుతోందనీ, నీళ్లు పారబోస్తున్నాననీ. నేను మాత్రం ఊరుకున్నానా? పొద్దున మొదలుపెడితే మీరొచ్చేదాకా మోత మోగిపోయేది. ఈవిడ ఎప్పుడు పోతుందా అనుకున్న రోజులున్నాయి. పోయింది. ఇప్పుడు తెలుస్తోంది, ఈ ఇంట్లో నాతో మాట్లాడింది ఆవిడొక్కతే.”

అతను కంచంలో వేళ్లు ఆడించాడు. అది నిజమే. అమ్మ మాటల పుట్ట. కొడుకు మాటలన్నీ కూడా ఆవిడే మాట్లాడేసేది. చివరి రెండేళ్లూ మంచం దిగలేకపోయినా గొంతు మాత్రం దిగలేదు. ఆ గొంతుకూ ఆ ఒంటికీ అన్నీ చేసింది ఈమే. దుప్పటి మారుస్తూ పోట్లాడేది, పోట్లాడుతూ తల దువ్వేది. ఆవిడ పోయిననాటి నుంచీ ఇంట్లో వినిపించే పెద్ద చప్పుడు గిన్నె మూతది.

“మొన్న మీరు కళ్లజోడు మర్చిపోతే షాపుకి తెచ్చాను,” అంది ఆమె మళ్లీ. “గుమ్మం దాకా వచ్చాను. లోపల ఎవరితోనో మాట్లాడుతున్నారు. ఎంత బాగా మాట్లాడుతున్నారో! చేతులు తిప్పుతూ, నవ్వుతూ. అదెలా దూకుతుందో, ఎందుకు పట్టుకుంటుందో. ఆ గొంతు మీదేనా అని అక్కడే నిలబడి విన్నాను. కళ్లజోడు కాయిల్ అన్నయ్యగారికిచ్చి వచ్చేశాను.”

“పిలవొచ్చుగా.”

“పిలిస్తే ఆగిపోయేవారు.”

అప్పుడు చెప్పింది. చెల్లెలికి కుట్టుపని చేతినిండా ఉందట, ఒంటరిగా చేసుకోలేకపోతోందట, వచ్చి తనతోనే ఉండిపొమ్మంటోందట. “వెళ్తాను,” అంది.

“ఊఁ,” అన్నాడు అతను.

విన్నానని ఆ ఊఁ. వెళ్లమని కాదు. ఈ తేడా చెబుదామని మర్నాడు అనుకున్నాడు, ఆ మర్నాడూ అనుకున్నాడు. నోరు తెరిచేసరికి ఆమె సంచీలో చీర సర్దుతూనో, పాత డబ్బాలు కడిగి బోర్లిస్తూనో కనిపించేది. తెరిచిన నోటితో మంచినీళ్లు అడిగేవాడు.

అసలు ఒక్కసారి మాట్లాడాడు. పెళ్లైన కొత్తలో ఆమె, “సెల్ఫంటే ఏంటండీ?” అని అడిగింది. మర్నాడు ఒక పాత మోటారు ఇంటికి తెచ్చి, నేల మీద కాగితాలు పరిచి విప్పి చూపించాడు. ఇది చక్రం, ఇది స్ప్రింగు, కరెంటు రాగానే ఇలా దూకుతుంది, ఇంజన్ అందుకోగానే వెనక్కి జారిపోతుంది. అన్నం చల్లారిపోయిందని అమ్మ లోపల్నుంచి అరుస్తూనే ఉంది. ఆమె గడ్డం మోకాలి మీద ఆనించి అంతా విని, “అంటే బండిని నిద్రలేపి తను పక్కకి తప్పుకుంటుందన్నమాట,” అంది. అతనికి ఆ మాట ఎంత నచ్చిందంటే, ఇన్నేళ్లూ షాపుకి వచ్చినవాళ్లకు చెబుతూనే ఉన్నాడు. అది ఎవరన్న మాటో ఎవరికీ చెప్పలేదు. ఆమెకు కూడా.

ఎండ గుమ్మంలోకి వచ్చే వేళకి ఆకుపచ్చ కారాయన వచ్చాడు. ఫొటోలు తీసే మనిషి, పెద్దాయన. తనంత వయసున్న కారు ఉంది. దాని సెల్ఫు కాలిపోయిందని సంచీలో పెట్టి తెచ్చాడు. మేస్త్రి మూత తీసి వాసన చూశాడు. కాలిన లక్క వాసన. లోపలి తీగంతా మసి.

“ఇది బాగవదండీ. ఇలాంటిదే ఇంకోటి ఇస్తాను.”

“దొరుకుతుందా? ఈ బండికి ఏమీ దొరకవంటున్నారే!”

“ఉంది.”

మేస్త్రి పై అర దగ్గరికి వెళ్లాడు. కవలల్లో ఒకదాన్ని దింపాడు. అట్టముక్క వెనక్కి తిరిగి ఉంది. దాన్ని తిప్పి చూడాలి. రోజూ చూస్తాడు. చూసినా నమ్మకుండా గోరుతో పళ్లు కూడా తడుముతాడు. ఇవాళ అతని మనసు ఇంట్లో ఉంది. ఆమె ఈపాటికి వంటగది సర్దేసి ఉంటుందా? తిన్నదా? దుమ్ము తుడిచి మోటారును ఆయన చేతుల్లో పెట్టాడు. కారు వీధి చివరే ఉందనీ, బిగించుకోవటం తనకు వచ్చనీ చెప్పి, ఆయన సంతోషంగా వెళ్లాడు.

“బావా,” అన్నాడు కాయిల్ బావ, ఇంక ఉండబట్టలేక. “మధ్యాహ్నమే వెళ్లిపో. ఓనరుకి నేను చెబుతాను. వెళ్లి నోరు తెరు.”

“ఏమనాలి?”

“ఏమనాలేంటి? ఉండమను!”

“ఉండమంటే?”

“ఉండమంటే ఉంటుందో ఉండదో ఆవిడ చూసుకుంటుంది. నువ్వు అనటం అను. నాకు మా ఆవిడ రోజుకి పది సార్లు చెబుతుంది ఇంట్లోంచి పొమ్మని. పోయానా? మాటలు అలా అనుకుంటూ ఉండాలి బావా. అనకపోతేనే అసలు భయం.”

మేస్త్రి లేచి పెరటి కుళాయి దగ్గరికి వెళ్లాడు. సబ్బుపొడిలో రంపపుపొట్టు కలిపి మోచేతుల దాకా రుద్దాడు. చేతి గీతల్లో ఉన్న నలుపు కొంచెం పోయింది, గోళ్ల చుట్టూ ఉన్నది కదల్లేదు. రుద్దుతూ, గోడ వైపు చూసి, “ఉండు,” అన్నాడు. చాలా నెమ్మదిగా అన్నాడు. ఆ గొంతు కుక్కను కూర్చోబెడుతున్నట్టుంది. “ఉండవే,” అన్నాడు. అదీ బాగాలేదు. “నువ్వు ఉంటే బాగుంటుంది,” అన్నాడు. ఈసారి ఫరవాలేదనిపించింది. ఇంకోసారి అన్నాడు. నీళ్లు కట్టేసి, చేతులు దులుపుకుంటూ లోపలికి వచ్చేసరికి ఆకుపచ్చ కారాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ముఖమంతా చెమట, చొక్కా నిండా మసి.

“మేస్త్రిగారూ, తిరుగుతోందండీ, బ్రహ్మాండంగా తిరుగుతోంది. కానీ అంటుకోవట్లేదు. దగ్గుతోంది. పొగ వెనక నుంచి కాకుండా ముందు నుంచి వస్తోంది. ఏమైనా తప్పు చేశానా?”

ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు, ప్లగ్గులు తుడిచాననీ, పెట్రోలు చూశాననీ. మేస్త్రి పై అర వైపు చూశాడు. కవలల్లో మిగిలింది అక్కడే ఉంది. దాని మెడలో అట్టముక్క మీద ‘కుడి’ అని తన చేతిరాత.

“తప్పు మీది కాదండీ,” అన్నాడు. “నాది. ఎడమ తిరుగుడు ఇచ్చాను.”

కాయిల్ బావ తల ఎత్తి చూశాడు. ఇన్నేళ్లలో ఈ మాట వినటం అతనికి ఇదే మొదటిసారి. “నేను మార్చేస్తాలే బావా, నువ్వెళ్లు,” అన్నాడు కానీ, అతని మోకాళ్లు వంగటం మానేసి చాలా కాలమైంది. కుర్చీలోంచి లేవటానికే బల్ల పట్టుకుంటాడు. కారు కిందికి ఏం దూరతాడు?

మేస్త్రి కుడి తిరుగుడు చంకన పెట్టుకుని వీధి చివరికి నడిచాడు.

పాత కార్లలో ఏదీ చేతికి అందేలా ఉండదు. గోనె పరుచుకుని వెల్లకిలా దూరి, ఆయన ఎంతో కష్టపడి బిగించిన బోల్టులను మళ్లీ విప్పాడు. ఒకటి మర తప్పి ఇరుక్కుంది. దాన్ని కదిలించేసరికే ఎండ, కారు ఈ చక్రం మీద నుంచి ఆ చక్రం మీదికి జరిగింది. పెద్దాయన ఎక్కడికీ పోకుండా పక్కనే గొంతుకూర్చుని, కిందికి వంగి చూస్తున్నాడు.

“ఇంతకీ కుడో ఎడమో ఎలా తెలుస్తుందండీ?”

“పళ్లు చెబుతాయండీ. ఇదిగో చూడండి,” అని మేస్త్రి అక్కడి నుంచే మోటారును ఆయన వైపు తిప్పాడు. “ఇంజన్ను తోసే వైపు అంచు అరుగుతుంది. పని చేసే వైపే అరుగుతుంది, రెండో వైపు కొత్తగానే ఉంటుంది. ఈ ఇరుసు మీద మర ఉంది చూశారా? కుడి దానికి ఇటు వాలి ఉంటుంది, ఎడమ దానికి అటు. కరెంటు రాగానే ఇరుసు గిర్రున తిరుగుతుంది. చక్రం బరువు, అది వెంటనే తిరగలేదు. తిరగలేక మర మీద జారి ముందుకు దూకుతుంది. దూకి పట్టుకుంటుంది. ఇంజన్ అంటుకోగానే వేగం ఎక్కువై అదే వెనక్కి వచ్చేస్తుంది. ఎవరూ లాగక్కర్లేదు. చాలా మంది ఏమనుకుంటారంటే...”

గొంతు హాయిగా వస్తోంది. ఒక మాట వెనక ఇంకో మాట తోసుకుంటూ వస్తోంది. చెయ్యి గాలిలో తిరుగుతోంది. అది మేస్త్రికి ఒక్కసారిగా వినిపించింది. గుమ్మం దగ్గర కళ్లజోడు పట్టుకుని నిలబడితే ఇలాగే వినిపించి ఉంటుంది.

“చెప్పండి, ఆపేశారేం?” అన్నాడు పెద్దాయన.

“ఏం లేదండీ. ఆ స్పానరు ఇలా ఇవ్వండి.”

కారు మొదటి తిప్పుకే అంటుకుంది. పెద్దాయన ఆనందం పట్టలేక హారన్ మోగించాడు. మేస్త్రి గోనె చుట్టి చంకన పెట్టుకునేసరికి వీధిలో దుకాణాల నీడలు అవతలి గోడ ఎక్కేశాయి. చేతులు కడుక్కోవటానికి కూడా ఆగకుండా ఇంటి దారి పట్టాడు.

ఇల్లు రెండు గదులు, వెనక వంటగది. ముందు గదిలో అమ్మ మంచం తీసేసిన చోట నేల రంగు ఇప్పటికీ వేరుగా ఉంది. ఆమె ఆ చోటులోనే కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. తల దువ్వుకుని, చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉంది. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. కూర్చున్నా నడుం వాల్చదు. పక్కన ఒక పెట్టె, ఒక సంచీ. ఇన్నేళ్ల కాపురంలోంచి తీసుకెళ్తున్నది అంతే.

“ఆలస్యమైందా?” అన్నాడు.

“బస్సుకింకా టైముంది,” అంది. అతని చేతుల వైపు చూసింది. “కడుక్కోండి.”

కడుక్కుని వచ్చాడు. ఆమె వంటగది గుమ్మంలో నిలబడి చెప్పింది. ఉప్పు డబ్బా, చక్కెర డబ్బా పక్కపక్కనే ఉన్నాయి, మూతలు ఒకలాగే ఉంటాయి, చూసుకుని వేసుకోవాలి. పాలు కాగేటప్పుడు అక్కడే నిలబడాలి. వెనక తలుపు గొళ్లెం లాగితే పడదు, ఎత్తి వెయ్యాలి. అతను ఒక్కొక్కదానికీ తల ఊపాడు. ఇప్పుడు అనాలి. కుళాయి దగ్గర అనుకున్న మాట వరసగా గుర్తుంది. నువ్వు ఉంటే. నోరు తెరిచాడు.

“గొడుగు తీసుకున్నావా?”

“తీసుకున్నాను.”

ఆమె కాసేపు అతని ముఖంలోకే చూసింది. తర్వాత సంచీ భుజానికి తగిలించుకుంది. అతను పెట్టె తీసుకున్నాడు. బస్టాండు దాకా నడిచారు. దారిలో పళ్లబండి మనిషి, “ఏమ్మా, ఊరికా?” అని పలకరిస్తే ఆమె నవ్వుతూ ఆగి నాలుగు మాటలు మాట్లాడింది. అతను పెట్టె పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

బస్సు నిండుగా ఉంది. ఆమెకు కిటికీ పక్క సీటు దొరికింది. పెట్టె పైన పెట్టి, దిగి, కిటికీ కింద నిలబడ్డాడు. ఆమె చువ్వల మీద చెయ్యి వేసి కిందికి చూసింది.

“ఏమన్నా చెబుతారా?”

“చలిగాలి. రాత్రికి కిటికీ మూసుకో,” అన్నాడు.

“ఊఁ,” అంది ఆమె.

డ్రైవరు ఎక్కి తాళం తిప్పాడు. టక్ మంది. అంతే. మళ్లీ తిప్పాడు. టక్. లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, ఇంజన్ మాత్రం కదల్లేదు. ప్రయాణికులు తలలు బయటికి పెట్టారు. డ్రైవరు దిగి, చక్రాన్ని ఒక తన్ను తన్ని, కండక్టరుతో ఏదో అన్నాడు. తోసి చూద్దామంటే ముందంతా ఎగువ, వెనక గోడ. కాసేపు కుస్తీపట్టి, “ఇంక ఈ పూటకిది లేవదండీ!” అని గట్టిగా చెప్పాడు. “దిగండి. అందరినీ రేపు పొద్దుట బండికి పంపిస్తాం.”

ఆ టక్ మేస్త్రి వీపు మీద చరిచినట్టు వినబడింది. తోపుడు సెల్ఫు. పైన డబ్బా చక్రాన్ని తోస్తోంది, పళ్లు కుదురుతున్నాయి, కింద మోటారు తిరగటం లేదు. మోటారుకు కరెంటు అందించే బొగ్గుముక్క ఒకటి లోపల ఇరుక్కుంది. ఒక దెబ్బ వేస్తే కదులుతుంది.

బస్సులో గోల మొదలైంది. ఒక తల్లి ఏడుస్తున్న పిల్లను భుజాన వేసుకుని దిగటానికి లేచింది. ఆమె మాత్రం కదల్లేదు. చువ్వల్లోంచి అతన్నే చూస్తోంది. అంత దగ్గర నుంచి చూసినా అతనికి ఆమె కళ్లలో ఏముందో తెలియలేదు. ముప్పై ఏళ్లలో ఎన్ని మోటార్లు చదివాడో, ఆ ముఖం చదవటం మాత్రం చేతకాలేదు.

“సెల్ఫేగా?” అంది ఆమె.

“ఊఁ.”

“మీకు వచ్చుగా.”

బాగు చెయ్యమనలేదు, వద్దనీ అనలేదు. ఆ మాట అని, చువ్వ మీది చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

ఊరుకుంటే చాలు. ఆమె దిగుతుంది. పెట్టె తనే మోస్తాడు. ఈ రాత్రికి ఇంట్లో ఉంటుంది. ఉంటే? ఒక్క రాత్రి దొరికితే ఏం చెబుతాడు? ఎన్ని రాత్రులు దొరకలేదు? మళ్లీ కంచం, మళ్లీ గిన్నె మూత చప్పుడు, పొద్దున్నే మళ్లీ ఇదే కిటికీ. తెలిసీ చెప్పకుండా ఊరుకోవటం అతనికి కొత్త కాదు. కాపురమంతా చేసిన పని అదే. ఈసారి మాత్రం చేతకాలేదు.

“డ్రైవరుగారూ,” అన్నాడు. “ఒక సుత్తి ఉందా? స్పానరైనా సరే.”

చొక్కా చేతులు మడిచి, బస్సు కింద వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాడు. వేడి ఇనుము వాసన. ముఖం మీద నూనెచుక్క పడింది. చీకట్లో చెయ్యి చాపితే డబ్బా తగిలింది, దాని కింద మోటారు ఒళ్లు. తీగ కొన దగ్గర మట్టి తుడిచాడు. వదులైన నట్టు బిగించాడు. తర్వాత స్పానరుతో మోటారు మీద రెండు దెబ్బలు వేశాడు, నొప్పి తెలియకుండా కొట్టినట్టు.

“సెల్ఫ్ కొట్టండి!” అని అరిచాడు.

తన నోటి నుంచి అంత పెద్ద కేక ఎప్పుడు వచ్చిందో అతనికి గుర్తు లేదు. పైన తాళం తిరిగింది. చెవి పక్కనే చక్రం జరిగింది, పట్టుకుంది, బస్సంతా ఒక్కసారి వణికి లేచింది. పైన చప్పట్లు కొట్టారు. ఎవరో ఈల వేశారు.

“దారిలో ఎక్కడా ఇంజన్ ఆపకండి,” అన్నాడు బయటికి వచ్చాక, డ్రైవరుతో. “ఊరు చేరాక బొగ్గుముక్కలు మార్పించండి.”

డ్రైవరు దండం పెట్టి సీట్లోకి ఎగిరాడు. దిగినవాళ్లంతా తోసుకుంటూ ఎక్కారు. మేస్త్రి కిటికీ కిందికి వచ్చాడు. చేతులు మణికట్ల దాకా నల్లగా ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒంటికి దూరంగా పట్టుకున్నాడు. ఆమె పెదవులు బిగించి ఉన్నాయి, కళ్లు మాత్రం నిండిపోయి ఉన్నాయి. సంచీలో తడిమి, చేతిరుమాలు తీసి చువ్వల మధ్య నుంచి చాపింది.

“తుడుచుకోండి.”

అతను అందుకున్నాడు. “నువ్వు...” అన్నాడు.

బస్సు గేరు పడింది. ఆమె ముఖం ఒక్క అంగుళం జరిగింది, తర్వాత ఒక మూర. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టి వినపడలేదని సైగ చేసింది. అతను రెండడుగులు పక్కనే నడిచాడు. మూడో అడుగుకి కిటికీ అందలేదు. వెనక అద్దం, దాని మీద దుమ్ము, ఎర్రదీపం. మలుపు.

పొగ నెమ్మదిగా విడిపోయింది. పంపటానికి వచ్చినవాళ్లు మాట్లాడుకుంటూ వెళ్లిపోయారు. ఎవరో అతని భుజం తట్టి, “భలే లేపారండీ,” అన్నారు. అతను తల ఊపాడు. బస్సు ఆగి ఉన్న చోట నేల మీద నూనె మరక మెరుస్తోంది. దాని పక్కనే నిలబడి ఉన్నాడు, ఎటు నడవాలో ఎవరైనా చెబుతారేమో అన్నట్టు.

చేతులు ఇంకా నల్లగానే ఉన్నాయి. వాటిలో ఒకటి ముందుకు చాచి ఉంది. రెండు గోళ్ల కొసల మధ్య, అంచుకు నీలం దారంతో ఆమె కుట్టిన తెల్లటి చేతిరుమాలు, మడత విప్పకుండా, ఒక్క మరకైనా పడకుండా.